ఎగిరే జట్టు కింద ముగ్గురం

5 నవంబర్ 2023, ఆదివారం

రేపటినుంచి కొత్త సైట్. బిల్డింగ్ కాదు. దుబాయ్ జెబెల్ అలీలో ఒక ఖాళీ వేర్‌హౌస్. లోపల మూడు వందల మంది కూర్చునేలా మెట్ల గ్యాలరీ కట్టాలట. ఎవరో తెలుగు టీవీ వాళ్లు కాలేజీ సీరియల్ తీస్తున్నారని ముదీర్, అంటే మా మేనేజర్, చెప్పాడు. ఎత్తు ఐదు మీటర్లే. పదహారేళ్లుగా స్కాఫోల్డింగ్, అంటే పైపుల పరంజా, కడుతున్నాను, ఇంత పొట్టి పని ఎప్పుడూ రాలేదు.

నాతో హన్మాండ్లన్న, రాజబాబు వస్తున్నారు. హన్మాండ్లన్నది మా ఊరే, జగిత్యాల దగ్గర. రాజబాబుది అమలాపురం. నేను చార్జ్‌హ్యాండ్‌ని కాబట్టి ఇద్దరికీ పని చెప్పాలి. హన్మాండ్లన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆయనకు చెప్పడం ఉండదు, అడగడమే.

సాయంత్రం వాసంతి ఫోన్ చేసింది. స్టోర్‌లో పనెట్లున్నదని అడిగింది. మంచిగనే ఉన్నదన్నాను. నాలుగేళ్లుగా నా భార్య లెక్కలో నేను స్టోర్‌కీపర్‌ని. ఆ సంగతి ఇంకో రోజు రాస్తాను.

8 నవంబర్, బుధవారం

గ్యాలరీ సగం అయింది. మధ్యలో నీలం మ్యాట్లు పరిచారు. వాటి మీద పదిహేను మంది అమ్మాయిలు పొద్దుణ్నుంచి దూకుతున్నారు, పల్టీలు కొడుతున్నారు. సీరియల్ పేరు ‘ఎగిరే జట్టు’. దుబాయ్ కాలేజీలో చీర్‌లీడర్ల కథ. సగం నవ్వు, సగం ఏడుపు.

వాళ్లు ఏ టీమ్‌కు చీర్ చేస్తారని రాజబాబు అడిగాడు. క్రికెట్లో బౌండరీ దగ్గర ఎగిరేవాళ్లే చీర్‌లీడర్లని మా ముగ్గురి జ్ఞానం. నేర్పించే ఆమె పేరు నాజియా. పుట్టింది హైదరాబాద్ పాతబస్తీ, పెరిగింది షార్జా. ఇక్కడి కాలేజీ టీములకు కోచ్. ఆమె ఓపికగా చెప్పింది. వీళ్లకు వేరే టీమ్ లేదట. ఎత్తడం, ఎగరడం, పట్టుకోవడం, అదే పోటీ, దానికే మార్కులట. హన్మాండ్లన్న చాలాసేపు ఆలోచించాడు.

“మరి బాల్ ఏది?” అన్నాడు.

9 నవంబర్, గురువారం, టీ బ్రేక్

హన్మాండ్లన్న ఇంకా బాల్ సంగతే ఆలోచిస్తున్నాడు.

11 నవంబర్, శనివారం

గ్యాలరీ పూర్తి. ఇక ఎక్కొచ్చని గ్రీన్ ట్యాగ్ కట్టాను. షూటింగ్ అయ్యేవరకు రోజూ చెక్ చేయడానికి మా ముగ్గురినీ ఇక్కడే ఉంచారు.

ఈరోజు నోరు ఆపుకోలేకపోయాను. హీరోయిన్ పేరు సంజన. పాతికేళ్లు ఉండవు. ఆమెను ముగ్గురు కుర్రాళ్లు చేతుల మీద నిలబెట్టి ఎత్తుతున్నారు. ఏదో డ్యాన్స్ ఏజెన్సీ పిల్లలు. కండలున్నాయి కానీ మొత్తం బరువు భుజాలతో లాగుతున్నారు. మోకాళ్లు వంగడం లేదు. ఆరు మీటర్ల పైపు అట్లా ఎత్తితే సాయంత్రానికి నడుం పోతుంది. నాజియా మేడమ్ దగ్గరకు వెళ్లి హిందీలో చెప్పాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. చేసి చూపించమంది.

మేం ముగ్గురం ఒక పైపు తీసుకున్నాం. నేను “ఏక్, దో, యల్లా” అన్నాను. వంగాం, లేచాం, పైపు మా తలలకు పైన నిటారుగా నిలబడింది. రోజూ చేసే పనే. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. పదహారేళ్లలో పైపు ఎత్తినందుకు చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. రాజబాబు వంగి దండం కూడా పెట్టాడు.

13 నవంబర్, సోమవారం

సంజన పడిపోయింది. ఎత్తిన కుర్రాళ్లలో ఒకడి చెయ్యి జారింది. మ్యాట్ మీదే పడింది, మోచేయి బెణికింది, అంతే. కానీ పడ్డప్పుడు ఆ పిల్ల ముఖం చూశాను. ఆ ముఖం నాకు తెలుసు.

ఏజెన్సీ వాళ్లు మధ్యాహ్నానికల్లా కుర్రాళ్లను తీసుకుని వెళ్లిపోయారు.

15 నవంబర్, బుధవారం

డైరెక్టర్ మూర్తి గారు మా ముగ్గురినీ పిలిపించారు. కుర్చీల్లో కూర్చోమన్నారు. సైట్‌లో కుర్చీ వేశారంటే ఉద్యోగం ఊడిందని అర్థం. రాజబాబు నిలబడే ఉన్నాడు.

నాజియా మేడమే అడిగిందట. అమ్మాయిలను ఎత్తడానికి మేం కావాలని. కెమెరా ముందు, కాలేజీ డ్రెస్‌లో.

నాకు ముప్పై తొమ్మిది. హన్మాండ్లన్నకు నలభై అయిదు. ఆ మాటే చెప్పాను.

మూర్తి గారు ఏ మాత్రం కంగారు పడలేదు. “మన సీరియళ్లలో కాలేజీ కుర్రాడికి నలభై దాటకపోతే జనం నమ్మరయ్యా. ఈవెనింగ్ బ్యాచ్ అని ఒక్క డైలాగ్ పెడతాను, సరిపోద్ది” అన్నారు.

హన్మాండ్లన్న పదో తరగతి తప్పాడు. బయటికొచ్చాక మెల్లగా అడిగాడు, “అంటే మనం డిగ్రీ కాలేజీల శెరీకు అయినట్టేనా?”

16 నవంబర్, గురువారం

ముదీర్ పర్మిషన్ లెటర్ ఇచ్చాడు. అందులో మా హోదా: స్కాఫోల్డర్, టెంపరరీ స్టూడెంట్.

18 నవంబర్, శనివారం

డ్రెస్ ఇచ్చారు. నీలం, పసుపు. చేతులు లేవు. రాజబాబు వేసుకుని అద్దం ముందునుంచి కదలలేదు. హన్మాండ్లన్న మాత్రం వేసుకోనన్నాడు. ఆడపిల్లల ముందు చంకలు కనబడేలా ఎట్లా తిరగాలన్నాడు. నాజియా మేడమ్ ఆయనకు ఫుల్ చేతులది కుట్టించింది. మీసం తీయమన్నారు. మీసం తీస్తే అంజవ్వ, అంటే ఆయన భార్య, ఇంట్లోకి రానివ్వదన్నాడు. మీసం ఉండిపోయింది.

ట్రైనింగ్ మొదలు. మనిషిని కాదు, ఇసుక మూటను ఎత్తాలి. సంజన ఎంత బరువో అంతే తూచారు. నలభై ఎనిమిది కిలోలని అసిస్టెంట్ మైకులో చెప్పేశాడు. సంజన మైకు లాక్కుని నలభై ఏడే అంది.

21 నవంబర్, మంగళవారం

మూట అయింది, ఇప్పుడు మనిషి. హన్మాండ్లన్న, రాజబాబు ఎదురెదురుగా నిలబడి అరచేతులు పట్టాలి. సంజన ఒక్కో కాలు ఒక్కో మనిషి చేతిలో పెట్టి లేవాలి. నేను వెనక. లెక్క నాది, నడుం పట్టుకోవడం నాది, పడితే పట్టేది కూడా నేనే.

పొద్దుణ్నుంచి ఒక్క టేక్ కూడా కాలేదు. కారణం భయం కాదు, మర్యాద. సంజన హన్మాండ్లన్న చేతిలో కాలు పెట్టగానే వంగి ఆయన భుజం తాకి కళ్లకు అద్దుకుంటోంది. పెద్దాయనకు కాలు తగిలింది కదా. ఆ పిల్ల ఆపుకోలేకపోతోంది. ఆమె అట్లా అద్దుకోగానే హన్మాండ్లన్న “సల్లగుండు బిడ్డా” అంటాడు. కట్. మళ్లీ. మళ్లీ అదే.

పధ్నాలుగో టేక్‌కు మూర్తి గారు కుర్చీలోంచి లేచారు. తిడతారనుకున్నాం. ఆయన నాజియా మేడమ్‌తో ఏదో మాట్లాడి వచ్చారు. ఇకమీద జట్టులో అందరూ ఎక్కే ముందు అట్లాగే చేయాలట. అదే ఈ టీమ్ గుర్తు అట. పదిహేను మంది అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు వంగి మా భుజాలు తాకి, కళ్లకద్దుకుని, టక్కున మా చేతుల మీదికి ఎక్కారు. నాజియా మేడమ్ ఇన్నేళ్లలో ఇట్లాంటి స్టార్ట్ చూడలేదంది. హన్మాండ్లన్నకు పదిహేను సార్లు “సల్లగుండు బిడ్డా” చెప్పే పని పడింది.

27 నవంబర్, సోమవారం

నడుం ఎత్తు వరకు సంజన బాగానే లేస్తోంది. భుజాల ఎత్తు రాగానే కిందికి చూస్తోంది. శరీరం బిగిస్తే మనిషి తేలిక, వదిలేస్తే బరువు. ఆమె వదిలేస్తోంది. చివరి ఎపిసోడ్‌లో ఆమెను గాల్లోకి విసిరి పట్టుకోవాలి. బాస్కెట్ టాస్ అంటారు. హన్మాండ్లన్న తట్ట అంటాడు. తట్ట మాట వినగానే సంజన ముఖం పాలిపోతోంది. డూప్‌ను పెడదామని మూర్తి గారన్నారట. ఇది ఆమెకు మొదటి హీరోయిన్ వేషం. డూప్ వద్దని ఏడ్చిందట.

లంచ్‌లో గ్యాలరీ కింది మెట్టు మీద ఒక్కతే కూర్చుంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎవరికీ చెప్పనిది చెప్పాను.

2019లో అల్ ఖైల్ రోడ్డు పక్క సైట్‌లో పలక విరిగి పడ్డాను. ఒంటికి కట్టుకున్న హార్నెస్ ఆపింది. ఇరవై నిమిషాలు గాల్లో వేలాడాను. రెండు పక్కటెముకలు విరిగాయి. వాసంతి ఫోన్లో ఒట్టు వేయించుకుంది, ఇక ఎక్కనని. కంపెనీ స్టోర్‌లో వేసిందని చెప్పాను. నిజంగానే రెండు నెలలు వేసింది. తర్వాత మళ్లీ ఎక్కించింది. ఆ సంగతి మాత్రం చెప్పలేదు. మొదటి వారం మొదటి నిచ్చెన దగ్గరే కాళ్లు ఆగిపోయేవి. బాత్రూమ్‌కని చెప్పి దిగిపోయేవాణ్ణి.

మళ్లీ ఎట్లా ఎక్కారని సంజన అడిగింది.

హన్మాండ్లన్న వల్లే. నేను రెండు మెట్లెక్కితే కిందనుంచి “దేవేందర్” అని పేరు పెట్టి పిలిచేవాడు. నేను “ఆ” అనేవాణ్ణి. ఇంకో రెండు మెట్లు. మళ్లీ పిలిచేవాడు. పైదాకా అట్లాగే. పైన నేనుండటం కాదు, కింద ఆయనున్నాడని చెవికి తెలుస్తుండాలి.

మధ్యాహ్నం రిహార్సల్‌లో హన్మాండ్లన్న కిందనుంచి “సంజనా” అన్నాడు. “ఆ అంకుల్.” భుజాల ఎత్తు. “సంజనా.” “ఆ.” చేతులు పూర్తిగా చాపాం. నిలబడింది. ఎనిమిది అంకెలు లెక్కపెట్టాను, కదల్లేదు.

7 డిసెంబర్, గురువారం

పొరపాటు చేశాను. ఛానెల్ అమ్మాయి వచ్చి మేకింగ్ వీడియో తీసింది. మీరు నిజంగా ఏం పని చేస్తారని అడిగింది. మంచి వెలుతురు, కాలర్‌కు మైకు, ముఖానికి పౌడరు. ఛాతీ పొంగింది. ముప్పై రెండు అంతస్తుల దాకా కట్టాను, ఇప్పటికీ రోజూ ఎక్కుతానని చెప్పేశాను. పేరు, ఊరు, జిల్లాతో సహా.

చెప్పాక వాసంతి గుర్తొచ్చింది.

9 డిసెంబర్, శనివారం

మూర్తి గారిని అడిగాను. ఆ ముక్క తీసేయిస్తానని వెంటనే ఒప్పుకున్నారు. ఎందుకని కూడా అడగలేదు.

బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. వీడియోలో లేకపోయినా నేను ఎక్కుతూనే ఉన్నాను కదా.

10 డిసెంబర్, ఆదివారం, ఉదయం 11

వాసంతికి చెప్పేశాను. నాలుగేళ్ల సంగతి మొత్తం. చివరికి “అయిపోయిందా?” అంది. అయిపోయిందన్నాను. ఫోన్ పెట్టేసింది.

13 డిసెంబర్, బుధవారం

ఫోన్ ఎత్తడం లేదు.

16 డిసెంబర్, శనివారం

హన్మాండ్లన్న అంజవ్వ వదినకు చేసి కనుక్కున్నాడు. వాసంతి తింటోంది, బీడీలు చుడుతోంది, పిల్లలను బడికి పంపుతోంది. నా పేరు వస్తే లేచి వెళ్లిపోతోందట. హన్మాండ్లన్న ఇంకేదో అడగబోయి ఆగి ఫోన్ తొందరగా పెట్టేశాడు. ఆయన కూడా అంజవ్వ వదినకు ట్రాలీ నడుపుతున్నానని చెప్పి ఉన్నాడు. ఆ సంగతి ఇవాళే నాకు తెలిసింది.

19 డిసెంబర్, మంగళవారం

రాయాలి. నిద్రపోయే ముందే రాయాలి.

ఈరోజు చివరి సీన్. ఇంటర్నేషనల్ సిటీ అనే కాలనీనుంచి ఆరు బస్సుల్లో తెలుగు కుటుంబాలను తెచ్చి గ్యాలరీలో కూర్చోబెట్టారు. పిల్లలు, అమ్మమ్మలు, పులిహోర డబ్బాలు. అందరూ ఒక్కసారి కాళ్లు తపతప కొట్టారు. నేను ముందు పైపులను బిగించే క్లాంపుల వైపు చూశాను, తర్వాతే కెమెరా వైపు. ఏదీ కదల్లేదు.

ఇసుక మూటను ఈ నెలలో రెండు వందల సార్లు విసిరాం. సంజనను చిన్న ఎత్తుకు నలభై సార్లు. ఇవాళ పూర్తి ఎత్తు. నాజియా మేడమ్ అందరినీ పక్కకు పంపి సంజనను ఒక్కదాన్నే అడిగింది, ఇష్టమేనా అని. “మూడు వందల మంది ఉన్నారని చెప్పకు. నీకు ఇష్టమా కాదా, అంతే” అంది. ఇష్టమేనంది సంజన.

వంగింది. హన్మాండ్లన్న భుజం తాకింది, రాజబాబుది తాకింది, వెనక్కి తిరిగి నాది. కళ్లకద్దుకుంది. కాలు పెట్టింది. నేను “ఏక్, దో” అన్నాను. తర్వాత మాట రాలేదు. ఎందుకో తెలియదు. “అయిపోయిందా” అని వాసంతి అన్న గొంతు చెవిలో పడింది. యల్లా అనలేదు.

వేరేవాళ్లయితే విసిరేసేవాళ్లే. మా వాళ్లు విసరలేదు. మోకాళ్లు వంచి అట్లాగే ఉండిపోయారు, సంజన వాళ్ల చేతుల మీద. మూర్తి గారు కట్ అన్నారు. సంజనను దించాం. నన్ను నేనే తిట్టుకున్నాను. హన్మాండ్లన్న దగ్గరకొచ్చాడు. ఎవరికీ వినబడకుండా అడిగాడు.

“ఇంటికాడికి పోయినవా?”

“పోయిన.”

“అయితే మళ్ల రా.”

ఒక్క నిమిషం ఆగాను. రాజబాబు నీళ్ల సీసా ఇచ్చాడు. “కంగారు లేదండీ. మీరు ఎప్పుడంటే అప్పుడే. సాయంత్రం దాకా వంగమన్నా వంగుతాం” అన్నాడు.

తాగాను. వెనక్కి వెళ్లి నిలబడ్డాను. సంజన తల తిప్పకుండానే పిలిచింది. “దేవేందర్ అన్నా.”

“ఆ.”

ఏక్. దో. యల్లా.

ఎంతసేపో తెలియదు. ఒక్క సెకను కూడా ఉండదంటుంది నాజియా మేడమ్. నాకు మాత్రం పైన అంతా కనబడింది. లైట్లు, రేకుల కప్పు, దాని కింద ఆ పిల్ల, కాళ్లు రెండూ దగ్గరగా, చేతులు చాచి. నోరు తెరిచి నవ్వుతోంది. దిగింది. మా ఆరు చేతుల్లోకి దిగింది. బరువుతోపాటు మేమూ వంగాం, నేర్పినట్టే. గ్యాలరీలో కేకలు. మేం దించబోతే సంజన దిగనంది. చేతుల మీదే పడుకుని ఏడుస్తూ నవ్వుతూ, ఇంకోసారి అంకుల్, ఇంకోసారి అంది. మూర్తి గారికి మొదటిదే చాలు. ఆమె కోసం ఇంకో నాలుగు సార్లు విసిరాం.

నాజియా మేడమ్ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటుంటే చూశాను. చూడనట్టు గ్యాలరీ క్లాంపులు బిగించడానికి వెళ్లాను. అవి బిగించే ఉన్నాయి.

20 డిసెంబర్, బుధవారం, సాయంత్రం 6

వాసంతి ఫోన్.

పలకరింపు లేదు. “నువ్వు పైకెక్కినప్పుడు కింద ఎవలుంటరు?” అంది.

“హన్మాండ్లన్న.”

“బావకియ్యి ఫోను.”

ఇచ్చాను. హన్మాండ్లన్న మంచం మీదనుంచి లేచి నిలబడి మాట్లాడాడు. మాట్లాడాడని ఎందుకంటాను, విన్నాడు. అవును వాసంతీ. లేదు వాసంతీ. తప్పే వాసంతీ. పదకొండు నిమిషాలు. అవతల పక్కనే అంజవ్వ వదిన కూడా ఉందట. ట్రాలీ సంగతి కూడా బయటపడింది. ఆయన చెమట తుడుచుకుంటూ ఫోన్ నాకు తిరిగిచ్చాడు.

వాసంతి చెప్పింది ఇది. ఎక్కే ముందు ఒక మెసేజ్. దిగాక ఒక మెసేజ్. ఒక్క రోజు తప్పినా ముదీర్ నంబర్ సంపాదించి ముదీర్‌కే చేస్తుందట.

నీకు భయమైతదని చెప్పలేదు అన్నాను.

“భయం నాకెట్లయిన తప్పది. తెల్వక భయపడేకంటె తెలిసి భయపడుత. నాలుగేండ్లు నన్ను ఉత్తగ ధైర్యంగ ఉండనిచ్చినవు” అంది.

ఫోన్ పెట్టే ముందు సీరియల్ ఎప్పుడొస్తదని అడిగింది. మూర్తి గారికి చెప్పాలి, ఆ వీడియో ముక్క తీసేయొద్దని.

21 డిసెంబర్, గురువారం

మళ్లీ బిల్డింగ్ సైట్. ఉదయం 6:05. ఎక్కుతున్న అని పంపాను. సాయంత్రం 4:40. దిగిన అని పంపాను. వాసంతి రెండింటికీ సరే అని పెట్టింది. హన్మాండ్లన్నకు టైప్ చేయడం రాదు. ఆయనది కూడా అంజవ్వ వదినకు నేనే పంపుతున్నాను.

17 ఫిబ్రవరి 2024, శనివారం

ఇవాళ టీవీలో ‘ఎగిరే జట్టు’. మా లేబర్ క్యాంప్ మెస్‌లో టీవీ ముందు కాలు పెట్టడానికి జాగా లేదు. బిహార్ వాళ్లు, నేపాల్ వాళ్లు కూడా వచ్చారు. భాష రాకపోయినా ఎగిరితే అర్థమవుతుంది. రాజబాబు కనబడ్డ ప్రతిసారీ రాజబాబే ముందు చప్పట్లు కొట్టాడు. హన్మాండ్లన్నకు ఈ ఎపిసోడ్‌లో డైలాగ్ ఉంది. “ఎక్కు బిడ్డా.” అంతే. మెస్ మొత్తం ఊగిపోయింది. ఆయన సిగ్గుతో పళ్లెం తీసుకుని బయటికెళ్లి ఒక్కడే తిన్నాడు. నేను కిటికీలోంచి చూశాను. ఒక్కడే నవ్వుకుంటున్నాడు.

3 మార్చి 2024, ఆదివారం

ఊరినుంచి ఫోటో వచ్చింది. బడి గ్రౌండ్. మహిళా సంఘం మీటింగ్ అయ్యాకట. కింద కొంగు నడుముకు దోపుకుని అంజవ్వ వదిన, పక్కన ఇంకొకామె. వాళ్ల చేతుల మీద వాసంతి. రెండు చేతులూ పైకి. కళ్లు గట్టిగా మూసుకుంది.

ఆమె ఎడమ మడమ అరచేతిలోంచి కొంచెం బయటికుంది. చెప్పాలి.